పట్టుకొన్న ఊరిలో ఎందరున్నారు?



ఈ మాసము మీతో ఒక ఆటను గూర్చి మాటలాడవలెనని యున్నది. ఆట యనగానే పెద్దలు కొందరు పుట త్రిప్పివేయుదురేమో, దయచేసి త్రిప్పకుడి. మన ఇండ్లలోని పదునెనిమిది, ఇరువది యేండ్ల బిడ్డలు రాత్రి దీపము ఆర్పిన తరువాత దుప్పటిక్రింద ఏమి చేయుచున్నారని మీరే మమ్మును పలుమారు అడిగితిరి గనుక దీనిని వ్రాయుచున్నాము. మదనపల్లె టమోటా మార్కెట్టులో వేలము మొదలగువరకు పెట్టెలమీద కూర్చున్న కుర్రవాండ్రు, కుప్పములో బెంగుళూరు రైలెక్కి పనికి పోవువారు, పుంగనూరు బస్టాండులో కాచుకొన్నవారు, చేతిఫోనులో కోటలు పట్టుచున్నారు. ఊళ్లు పట్టుచున్నారు. రాజ్యములు ఏలుచున్నారు.

తెలియనివారి కొరకు ఆ ఆట ఎట్టిదో చెప్పెదము. ఇట్టివి అనేకమున్నవి. 1999లో వచ్చిన 'ఏజ్ ఆఫ్ ఎంపైర్స్' రెండవ భాగము వాటిలో పేరుపొందినది. 2022లో దానిలో ద్రావిడులను కూడ ఒక జనముగా చేర్చిరి. అయితే మేము ఇక్కడ చెప్పదలచినది 'మెడీవల్ టూ టోటల్ వార్' అనునది. ఆస్ట్రేలియాలో తయారై 2006లో కంప్యూటరుకు వచ్చినది. 2022 నుండి చేతిఫోనులోను దొరుకుచున్నది. ఆటగాడు క్రీ.శ. 1080లో ఒక రాజ్యమును చేతికి తీసికొని మొదలుపెట్టును. పటముమీద ఊళ్లుండును. కొన్ని కోటలు, కొన్ని పట్టణములు. కోట మంచి సైనికులనిచ్చును, పట్టణము సొమ్మునిచ్చును. ఊరిని సంపాదించుటకు మార్గములు పెక్కు. చుట్టు దండు దింపి ఆకలితో లొంగదీయవచ్చును. వేగులవానిని లోనికి పంపి తలుపులు తెరిపింపవచ్చును. రాయబారిచేత లంచమిప్పింపవచ్చును. బేరమాడి కాగితముమీద వ్రాయించుకొనవచ్చును. పట్టిన పట్టణముమీద పన్ను తక్కువా, ఎక్కువా, మిక్కిలి ఎక్కువా అని నిర్ణయించువాడు ఆటగాడే.

ఇది పాపమా అని తలిదండ్రుల ప్రశ్న. వట్టి ఆట గదా అని బిడ్డల జవాబు. ఈ రెంటిలో ఏదియు మాకు చాలలేదు.

పాపమని తొందరపడి చెప్పుట మాకు ఇష్టము లేదు. మన తాతలు మండపపు బండలమీద గీతలు గీసి పులిజూదము ఆడలేదా? మూడు పులులు పదునైదు మేకలను మింగుటకు చూచును. మేకలు కూడి పులులను కదలనీయక కట్టివేయుటకు చూచును. దానినాడి ఎవడును పులి కాలేదు. చదరంగము మన దేశములోనే పుట్టినదందురు. దానిలోను రాజు, మంత్రి, సేన, చావు అన్నియు ఉన్నవి. పనిమాని, నిద్రమాని, ఇంటిలో మాటమాని ఆడుట వేరు సంగతి. దానికి త్రాగుడును గూర్చి చెప్పిన మాటలే చెప్పవలెను. వాటిని మీరు చాలసార్లు వినియున్నారు.

వట్టి ఆట యనుమాట ఎందుకు చాలదో చెప్పుటకు మొన్న ఒక యౌవనస్థుల కూటములో జరిగిన సంభాషణను వ్రాయవలెను. డిగ్రీ చదువుచున్న ఒక అబ్బాయి ఆటను మాకు చూపించుచు, "అయ్యగారూ, ఊరు పట్టినాక మూడు దారులు చూపిస్తాది, చూడండి" అనెను. మొదటిది ఊరిని ఉన్నదున్నట్లు స్వాధీనము చేసికొనుట. రెండవది కొల్లగొట్టుట. మూడవది జనమును చంపివేయుట. ఏ దారిని ఎంత సొమ్ము వచ్చునో, ఎందరు చత్తురో ఆటయే చెప్పును. ఒక్కటి వ్రేలితో తాకవలెను, అంతే.

"నీవు దేనిని తాకుదువు, నాయనా?" అని అడిగితిమి.

"మొదట్లో ఊరికే పట్టుకొనేవాణ్ణి అయ్యగారూ, జనం బతకనీలే అని. తర్వాత తర్వాత ఖజానా ఖాళీ అయిపోతా వచ్చింది. సైన్యానికి జీతాలియ్యల్ల గదా? అప్పట్నించి రెండోదే."

"మరి మూడవది?"

వాడు కొంచెము సిగ్గుపడి నవ్వెను. "బాగా దూరంగా ఉండే ఊరయితే అదే. లేకుంటే మన దండు ఎనక్కి తిరగంగానే వాళ్లు తిరగబడతారు."

ఈ పిల్లవాడు క్రూరుడు కాడు. ప్రక్కయింటి ముసలాయనకు జబ్బుచేసినప్పుడు బైకుమీద కూర్చుండబెట్టుకొని ఆసుపత్రికి తీసికొనిపోయినవాడు. కోడిని కోయమన్నను ముఖము త్రిప్పుకొనును. అట్టివాడు వేలమందిని చంపు దారిని ఎన్నుకొనునప్పుడు వానిలో కోపము లేదు, పగ లేదు. ఖజానా ఖాళీయైనదన్న లెక్క యున్నది. ఆ లెక్క తప్పుకాదు కూడ. ఆటలో నిజముగా ఖాళీయైనది. మా దృష్టికి బరువుగా తోచినది ఇదియే.

ఇంకొక వింత యున్నది. ఈ ఆట దయ చూపిన సేనానికి మంచిపేరు వ్రాసిపెట్టును, చంపినవానికి భయంకరుడను పేరు వ్రాసిపెట్టును. మేలే గదా యనుకొందుము. కాని మంచిపేరు గలవాడు ఏలు ఊరిలో జనము పెరుగుదురు. భయంకరుని చూచి శత్రువులు వణకుదురు. అనగా దయయు లాభమే, భయంకరత్వమును లాభమే! దయ చూపించుటకు మరియొక కారణము ఆటకు తెలియదు. ఆట తయారుచేసినవారిని మేము నిందించుట లేదు. లోకములో రాజులు నడచిన తీరును వారు చక్కగానే గమనించిరి.

లోకములో అనుమాట ఎంతో దూరము పోయి వెదకనక్కరలేదు. మదనపల్లె నుండి వాయల్పాడు దాటి ఉత్తరముగా పోయిన గుర్రంకొండ కనబడును. నిటారుగా లేచిన బండకొండ. పైన ఒక కోట, క్రింద ఒక కోట. రంగినీ మహలు నేటికిని నిలిచియున్నది. ఆ కొండమీద ఒక గుర్రము కావలియుండెననియు, అది యున్నంతకాలము కోట ఎవరికిని లొంగదనియు, ఒక దొంగ బండనెక్కి ఆ గుర్రమును అపహరించెననియు జనులు కథ చెప్పుకొందురు. కథ యటుండనిచ్చి చరిత్రను చూచిన, 18వ శతాబ్దములో ఆ కోట కడప నవాబులు, మరాఠాలు, హైదరాలి, టిప్పు, నిజాము అను ఇందరి చేతులు మారి, ఆ శతాబ్దము ముగియుసరికి కంపెనీవారి చేతికి వచ్చెను. మన పిల్లల ఆటలో ఒక ఊరు ఇన్నిసార్లు రంగు మారినయెడల "ఇది చెడ్డ ఊరు" అని విసుగుకొందురు.

1791 చివరలో నిజాము సైన్యమును, దానికి తోడుగా కంపెనీ ఫిరంగులును ఆ కోటను ముట్టడించెను. నవంబరులో క్రింది కోట పడెను. పై కోట పడలేదు. టిప్పు పంపిన దండు వచ్చి క్రింది కోటలోనివారిని కొట్టెను. ఇట్లు కొట్లాట జరుగుచుండగానే 1792లో శ్రీరంగపట్టణమున సంధి కుదిరెను. టిప్పు తన రాజ్యములో సగమును, 3 కోట్ల 30 లక్షల రూపాయలును ఇచ్చుటకు ఒప్పుకొని, తన చిన్న కుమారులిద్దరిని జామీనుగా పంపెను. ఆ పంపకములో గుర్రంకొండ నిజాము వంతుకు వచ్చెను. ఫిరంగికి లొంగని పై కోట కాగితమునకు లొంగినది. తరువాత ఎనిమిదేండ్లకు, 1800 అక్టోబరులో, తనకు కాపుగానుండు కంపెనీ సైన్యపు ఖర్చు క్రింద నిజాము ఈ సీమలన్నిటిని కంపెనీకి వ్రాసియిచ్చెను. గుర్రంకొండయు మదనపల్లెయు వాటిలోనివే.

సహోదరులారా, ఆ పిల్లవాడు చెప్పిన మాటను ఇచ్చట మరల చదువుకొనుడి. సైన్యానికి జీతాలియ్యల్ల గదా! మన ముత్తాతల ఊళ్లు చేతులు మారినది సరిగా అందుకొరకే. ఇచ్చివేయబడిన సీమ గనుక దత్తమండలమని పేరు వచ్చినది. ఆ పేరు మనకు వద్దని 1928లో నంద్యాల సభలో పెద్దలు రాయలసీమ అని మార్చుకొనువరకు నూట ఇరువది యేండ్లకు పైగా ఆ పేరే నిలిచెను. ఒకడు మరియొకనికి ఇచ్చిన వస్తువు పేరు మనుష్యులు కాపురముండు నేలకు వచ్చినది.

ఇప్పుడు ఆ క్రింది కోట ప్రక్కనున్న ఊరిని కొంచెము ఊహింపుడి. చరిత్రలో వారి పేర్లు లేవు. నవాబు ఎవరైనను, నిజాము ఎవరైనను, తెల్లవారిన తరువాత కుమ్మరికి మన్ను కావలెను, చాకలికి నీళ్లు కావలెను, మాదిగవానికి తోలు కావలెను, రైతుకు వాన కావలెను. కోట ఎవనిదో తెలియక ముందే పన్నుకు మనిషి వచ్చును. నిన్నటివానికి చెల్లించితిమని చెప్పిన నేటివాడు వినునా? పైగా ఆ యేండ్లలోనే దక్కనులో గొప్ప కరువు వచ్చినది. చచ్చినవారి ఎముకలు తీయువారు లేక పడియుండుటచేత దానికి పుర్రెల కరువని పేరు. అదే 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిసు ప్రభువు మొగిలి కనుమనెక్కి, కోలారు మీదుగా బెంగుళూరికి దండు నడిపెను. మే నెలలో శ్రీరంగపట్టణము చెంత ఆ దండులోని ఎద్దులు మేతలేకయు రోగముచేతను లెక్కలేనన్ని చచ్చినందున పెద్ద ఫిరంగులను తానే పాడుచేసి వెనుదిరిగెను. ఆ ఎద్దులు ఎక్కడివి? ఏదో ఒక రైతు కొట్టములో పుట్టినవే. వాటిని కోల్పోయిన రైతు మరుసటి యేడు దేనితో దున్నెనో ఎవరును వ్రాయలేదు.

ఒక్క సంగతి మాత్రము న్యాయముగా చెప్పవలెను. 1800 నుండి 1807 వరకు ఈ సీమకు ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రో దొర పన్ను లెక్కకే వచ్చినవాడు. ఆయుధములు పట్టిన ఎనుబదిమంది పాలెగాళ్లను అణచివేసినవాడు. అయితే అతడు కొండమీద కూర్చుండలేదు. గుడారము వేసికొని ఊరూరు తిరిగి, పొలము పొలము కొలిపించెను. తిరిగి చూచినవాడు గనుకనే తన పన్ను రైతుకు భారమని తెలిసికొని, 1807లో నాలుగవ వంతు తగ్గింపవలెనని పైవారికి వ్రాసెను. పైవారు అప్పుడు ఒప్పుకొనలేదు. 1827లో గవర్నరుగా ఈ సీమలో తిరుగుచు పత్తికొండలో కలరాతో చనిపోయెను. రాయలసీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొనిరి. కోటలు పట్టిన వీరులలో ఎవని పేరును అట్లు పెట్టుకొన్నట్లు మేము వినలేదు. దొరను పొగడుటకు దీనిని చెప్పుట లేదు. ఊరిలోనికి దిగి చూచినవాని లెక్క కొంతయైనను మారునని చెప్పుటకే.

మన క్రైస్తవులమైనను ఈ విషయములో తల ఎత్తుకొని నిలువదగినవారము కాము. ఆ ఆటలోని పటముమీద యెరూషలేము కూడ ఒక ఊరే. 1099 జూలై 15న క్రీస్తు సిలువను బట్టలమీద కుట్టుకొన్న సైనికులు ఆ పట్టణమును పట్టి, అందులోని ముసల్మానులను, యూదులను చంపిరి. ఆటలోని మూడవ దారి అదే. 1187లో సలాదీను అదే పట్టణమును తిరిగి పట్టినప్పుడు అట్టి సంహారము జరుగలేదు; మగవానికి పది దీనారముల చొప్పున వెల చెల్లించి జనులు వెళ్లిపోవచ్చుననెను. చెల్లింపలేని బీదలలో అనేకులు దాసులుగా పోయిరి. అతడు కొందరిని ఊరకయే విడిచిపెట్టెను. అనగా అతనిదియు పూర్తిగా చేతులు శుభ్రమైన కథ కాదు. అయినను ఆ రెండు దినములలో ఏ దినమున ఆ ఊరిలో నుండగోరుదువని మా కూటములో అడిగినప్పుడు పిల్లలెవరును ఆలోచించుటకు కాలము తీసికొనలేదు. ఊరు పట్టువాని స్థానము విడిచి ఊరిలోనివాని స్థానములో నిలువగానే జవాబు ఎంత త్వరగా వచ్చునో చూడుడి.

ఇక్కడ ఒక పెద్దమనిషి, పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేసి విశ్రాంతిలో నున్నవాడు, లేచి, "అయ్యగారూ, యెహోషువ పట్టణములు పట్టలేదా? అది మన గ్రంథములోనే యున్నది గదా?" అని అడిగెను. మంచి ప్రశ్న. పిల్లలు అడుగుటకు భయపడిన ప్రశ్న. యెరికోలోను హాయిలోను జరిగిన సంహారమును ఒక్క వాక్యములో వివరించి చేతులు దులుపుకొనుట మాకు ఇష్టము లేదు. అది బరువైన సంగతి, బరువుగానే మోయవలెను. అయితే ఆ కథలోనే ఒక సంగతిని గమనింపుడి. యెరికో కొల్లసొమ్ములో కొంచెము దాచుకొన్న ఆకాను ఏమాయెను? ఒక వస్త్రము, కొంత వెండి, ఒక బంగారు కమ్మి కొరకు ప్రాణము పోగొట్టుకొనెను. ఆ దినమున ఖజానా నింపుకొను దారి ఎవనికిని తెరువబడలేదు. ద్వితీయోపదేశకాండము ఇరువదియవ అధ్యాయములో ముట్టడిని గూర్చిన కట్టడ యున్నది: మొదట సమాధానపు మాట చెప్పవలెను, ఊరిచుట్టునున్న ఫలవృక్షములను గొడ్డలితో కొట్టరాదు. ఆ తరువాతి మాటలు ఆ అధ్యాయములో కఠినముగానే యున్నవి. వాటిని దాచుట లేదు. కాని మునగచెట్టో, చింతచెట్టో నాటినవానికి ఈ చెట్టు కట్టడ ఎంతటిదో తెలియును. దండు నేడు వచ్చి రేపు పోవును. చింతచెట్టు కాపుకు వచ్చుటకు ఎన్నియేండ్లు కావలెను?

ఆ కూటములోనే చివరి వరుసలో ఒక అవ్వ చాపమీద కూర్చుండెను. మనుమని ఫోనులోనికి చాలసేపు వంగి చూచి, "ఒరే అబ్బోడా, ఈ ఊర్లో గొడ్లేవిరా?" అని అడిగెను.

"గొడ్లు లేవవ్వా. జనం ఎంతమందో అంకె ఉంటాది, చూడు."

"గొడ్లు లేకుండా ఏం తింటారు?"

అందరును నవ్విరి. ఆమె నవ్వలేదు. పుంగనూరు ఆవు జాతి పేరు నేడు దేశమంతట వినబడుచున్నది. నడుమెత్తు కూడ రాని ఆ చిన్న ఆవు కొంచెము మేతతో బ్రదికి పాలిచ్చునని మన మెట్టసీమ బీదలకు ఎప్పుడో తెలియును. అట్టి ఆవును మేపి బిడ్డలను పెంచిన మనిషికి గొడ్లులేని ఊరు ఊరుగా కనబడకపోవుట న్యాయమే.

అవ్వ ప్రశ్న విన్నప్పుడు మాకు యోనా గ్రంథపు చివరి మాట జ్ఞాపకమునకు వచ్చెను. నీనెవె నాశనము కాలేదని యోనా అలిగి ఊరి వెలుపల కూర్చుండెను. ఊరు మండిపోవుటను చూడగోరి తూర్పుదిక్కున పందిలి వేసికొన్నాడు, ఆటను చూచువానివలె! దేవుడు అతనితో ఆ పట్టణపు గోడలను గూర్చి మాటలాడలేదు. దాని ఖజానాను గూర్చి మాటలాడలేదు. కుడియెడమలు తెలియనివారు లక్షా ఇరువదివేలకు మించి యున్నారనియు, పశువులు కూడ అనేకమున్నవనియు జ్ఞాపకము చేసెను. ఇదియు అంకెయే. ఆటలో ఊరిపేరు క్రింద కనబడునదియు అంకెయే. రాజు ఆ అంకెను చదివి ఎంత పన్ను వచ్చుననును. దేవుడు ఆ అంకెలో కుడిచేయి ఎడమచేయి తెలియనివారిని, ఆవులను చూచెను. ఒకటే అంకె, రెండు చదువులు. ఆ గ్రంథము ప్రశ్నతోనే నిలిచిపోవును. యోనా ఏమని జవాబిచ్చెనో వ్రాయబడలేదు.

నేడు మనకు కోటలు లేవు. కుప్పము చుట్టునున్న ఊళ్లు కంగుంది జమీందారీలోనివి, పుంగనూరు మరియొక జమీందారీ. 1948 నాటి మద్రాసు చట్టముచేత ఆ జమీందారీలన్నియు రద్దాయెను. కంగుంది కొండమీది కోట గోడలు మిగిలినవి, పుంగనూరులో మహలు మిగిలినది. అయితే ఊరిని పైనుండి చూచు కన్ను వాటితో పోలేదు. ఇప్పటి కోట దస్త్రము. బీదవానికిచ్చిన డి.కె.టి. పట్టా భూమిని అమ్మరాదు, కొనరాదని 1977లో చట్టము చేసిరి. అయినను ఆ భూములు ఏ విధముగా చేతులు మారుచున్నవో మన ఊళ్లలో తెలియనివారు లేరు. 2024 జూలైలో మదనపల్లె సబ్‌కలెక్టరు కార్యాలయములో నిప్పు లేచి భూమి దస్త్రములు కాలినవి. అది ఎట్లు జరిగెనో తేల్చుట న్యాయస్థానపు పని, మాది కాదు. కాని ఆ వార్త విన్ననాడు మా సంఘములోని ఒక విధవ తన పట్టా కాగితమును ట్రంకుపెట్టెలోనుండి తీసి, ఉన్నదో లేదో చూచుకొని, మరల మడిచిపెట్టినది. ఆమెకు ఉన్నది ఎకరమున్నర. ఫిరంగికి లొంగని కోట కాగితమునకు లొంగిన కథను ఆమె ఎన్నడును చదువలేదు. చదువకయే ఎరిగియున్నది.

ఇంకను చిన్నదానికి వచ్చెదము. ఆదివారము ఆరాధనలో ముందు వరుసలో కూర్చుండు మనలో కొందరు దుక్కి దున్నునప్పుడు గెనిమను ఒక జానెడు అవతలికి జరుపుదురు. ఏటికి ఒక జానెడు. పదియేండ్లకు అవతలివాని పొలము ఎంత తరిగెను? అట్లు చేసినవానిని అడిగిన, వాడు పగతో చేసితినని ఎన్నడును చెప్పడు. "ఏం చేసేది అయ్యగారూ, బోరుకు అప్పు చేసినాను, వడ్డీ కట్టాల" అనును. వాని ఖజానాయు ఖాళీయే. అవతలివాడు ఆ వేళ వానికి ఒక సహోదరుడుగా కనబడడు, ఒక గెనిమగా కనబడును. నాబోతు ద్రాక్షతోటను ఆశించిన ఆహాబు కథను పిల్లలకు బోధించునప్పుడు ఆహాబును రాక్షసునిగా వర్ణించుట మనకు అలవాటు. కాని అతడు అడిగినది మొదట న్యాయమైన బేరమే: బదులు మంచి తోట యిత్తును, లేదా వెల యిత్తును అనెను. నాబోతుకు అది పితరుల స్వాస్థ్యము. ఆహాబుకు అది కూరతోటకు అనువైన చోటు. వారిద్దరు చూచిన నేల ఒక్కటి కాదు. చావు ఆ తరువాత వచ్చినది.

కాబట్టి ఫోను లాగుకొనుడని మేము తలిదండ్రులకు చెప్పుట లేదు. లాగుకొనిన పిల్లవాడు మరియొకని ఫోనులో ఆడును. నిజము చెప్పవలెనంటే ఈ ఆటలో ఒక మేలు కూడ యున్నది. రాజులు గుడారములో రహస్యముగా చేసిన ఎంపికను ఇది ఒక పిల్లవాని వ్రేలి ముందు బయటపెట్టి, నీవేమి చేయుదువని అడుగుచున్నది. మన చరిత్ర పాఠములలో ఫలాని యేట ఫలాని కోట పట్టెనని మాత్రమే యుండును. పట్టిన మరునాడు ఏమి జరిగెనో ఉండదు. ఆట ఆ మరునాటి తలుపువరకైనను తీసికొనిపోవుచున్నది. లోనికి తీసికొనిపోవుట మన పని. ఆడుచున్న బిడ్డ ప్రక్కన పది నిమిషములు కూర్చుండి, ఆ అవ్వవలె అడుగుడి. ఈ ఊరిలో బావి ఎక్కడ? పంట కోతకు వచ్చెనా? నీవు దండు దింపినది ఎవని చేనిలో? మంత్రసాని ఉన్నదా? ఆటకు జవాబు తెలియదు. బిడ్డ తానే చెప్పుకొనవలెను.

ఆ డిగ్రీ అబ్బాయి ఇంకను ఆడుచునే యున్నాడు. గడచిన కూటములో వానికిని మరియొకనికిని పెద్ద వాదము నడిచెను. ఖజానా ఖాళీ కాకముందే సైన్యమును తగ్గించుకొన్నయెడల కొల్లగొట్టనక్కరలేదు గదా యని ఒకడు. సైన్యము తగ్గించిన ప్రక్క రాజు నీ ఊరిని కొల్లగొట్టును, అప్పుడు నీ ఊరిలోని అవ్వకు నీవేమి జవాబు చెప్పుదువని మరియొకడు. మేము మధ్యన తీర్పు చెప్పలేదు. అది మన దేశములను ఏలువారికే తెగని వాదము. వారు రాత్రి తొమ్మిది గంటలవరకు మాటలాడుకొని, పాస్టరమ్మగారు ఇచ్చిన బొరుగులు తిని ఇండ్లకు పోయిరి.

వచ్చు మాసము రెండవ శనివారము యౌవనస్థులతో గుర్రంకొండకు పోవ నుద్దేశించుచున్నాము. పై కోటకు ఎక్కువారు ఎక్కవచ్చును; ఎక్కలేని పెద్దలు క్రింద ఊరిలో కూర్చుండి అక్కడివారితో మాటలాడవచ్చును. ఎండ తీవ్రముగా నుండును గనుక తెల్లవారకముందే బయలుదేరవలెను. సద్దియు నీళ్లును ఎవరివి వారు తెచ్చుకొనుడి.